తొమ్మిది అక్షరాల జబ్బు పేరు: ఎక్కడ విరవాలి, ఎక్కడ ఒత్తాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది కర్నూలు జిల్లా. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. నాలుగు నెలల కిందట మెడికల్ రెప్‌గా చేరాను. మందుల గురించి బాగానే చదువుకున్నాను గానీ పెద్ద ఇంగ్లీషు మాటలు వచ్చేసరికి నోరు తిరగడం లేదు. పోయిన వారం ఒక ఫిజీషియన్ గారి ముందు విజువల్ ఎయిడ్ తెరిచి 'హైపర్‌కొలెస్టెరొలీమియా' అనబోయి సగంలో ఆగిపోయాను. ఆయన నవ్వి, 'కొలెస్టరాల్ ఎక్కువ అని చెప్పు బాబూ, చాలు' అన్నారు. తల కొట్టేసినట్టయింది. మా ఏరియా మేనేజర్ 'సిలబుల్స్ విడగొట్టి చదువు, స్ట్రెస్ కరెక్టుగా పెట్టు' అంటారు. డిక్షనరీ తెరిస్తే మాట మధ్యలో చుక్కలు ఒకచోట ఉన్నాయి, పక్కన ఉచ్చారణలో విడగొట్టింది ఇంకోచోట ఉంది. ఏది నమ్మాలి? స్ట్రెస్‌కి రూల్ ఏమైనా ఉందా, లేక ప్రతి మాటా బట్టీ కొట్టాల్సిందేనా? నన్ను ఏడిపిస్తున్న మాటల లిస్టు కూడా పంపుతున్నాను. దయచేసి పేరు వేయకండి.

సమాధానం: ముందు ఆ డాక్టరు గారి సంగతి వదిలేయండి. బయట బెంచీల మీద పేషెంట్లు కిక్కిరిసి ఉంటే అంత పొడుగు మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఎవరికైనా ఉండదు. ఆయన మీకు ఒక దారి కూడా చూపించారు, కొలెస్టరాల్ ఎక్కువ అన్నా విషయం చేరుతుంది. కాకపోతే మీది నోటితో చేసే ఉద్యోగం. ఆ మాట తడబడకుండా వస్తే మిగతా డిటెయిలింగ్, అంటే డాక్టరుకు మందు గురించి వివరించడం, అంతా ధైర్యంగా సాగుతుంది. కాబట్టి ఆ మాటనే పట్టుకుందాం.

హైపర్‌కొలెస్టెరొలీమియా. అమెరికా స్పెల్లింగ్‌లో దీనికి 20 లెటర్లు. అవి చూసే మీరు బెదిరిపోతున్నారు. పలికేటప్పుడు మాత్రం అక్షరాలు తొమ్మిదే: హై, పర్, కొ, లెస్, టె, రొ, లీ, మి, అ.

మనవాళ్లకు సిలబుల్ అనగానే తికమక రావడానికి కారణం 'అక్షరం' అన్న మాటే అని నా అనుమానం. తెలుగులో రాసేదీ అక్షరమే, పలికేదీ అక్షరమే. ఇంగ్లీషులో రాసేది లెటర్, పలికేది సిలబుల్, రెంటికీ లెక్క కలవదు. చిన్నప్పుడు మనకు ఎ బి సి డిలను 'ఇంగ్లీషు అక్షరాలు' అని చెప్పేశారు, దాంతో లెటర్ దగ్గరే ఆగిపోయాం. నిజానికి సిలబుల్‌కి దగ్గరగా ఉన్నది మన అక్షరమే. 'స్త్రీ' చూడండి. అందులో హల్లులు మూడు, అచ్చు ఒకటి. అయినా ఒకే అక్షరం అంటాం. మీరు రోజూ వాడే 'స్ట్రెంత్' అన్న మాట కూడా అంతే. 500 ఎంజీ స్ట్రెంత్ అంటారే, అది. స్పెల్లింగ్‌లో 8 లెటర్లు, వినిపించే అచ్చు ఒక్కటే, కనుక సిలబుల్ ఒక్కటే.

లెక్క ఎప్పుడూ వినిపించే అచ్చులతోనే. కనిపించే అచ్చులను నమ్మితే మోసపోతారు. 'డోస్' స్పెల్లింగ్‌లో ఓ ఉంది, చివర ఈ కూడా ఉంది, వినిపించేది ఒక అచ్చే. అనుమానం వచ్చినప్పుడు గడ్డం కింద అరచెయ్యి వెనుక భాగం ఆనించి మాటను నిదానంగా పలకండి. గడ్డం ఎన్నిసార్లు చేతిని నొక్కితే సుమారుగా అన్ని సిలబుల్స్. డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో మాత్రం వద్దు.

ఈ లెక్కలో మన నోరు ఒక దొంగపని చేస్తుంది. తెలుగు మాట అచ్చుతో ముగియకపోతే మనకు తోచదు. బస్ బస్సు అవుతుంది, డోస్ డోసు అవుతుంది, టాబ్లెట్ టాబ్లెట్టు అవుతుంది. ముందు సకారంతో జంట హల్లు వస్తే కొందరికి నాలుక జారి 'ఇస్ట్రెంతు' అవుతుంది. ఒక సిలబుల్ మాట మూడు సిలబుల్స్ అయి కూర్చుంది! ఇంట్లో, కిరాణా కొట్లో అలా అంటే తప్పేమీ లేదు, అవి ఇప్పుడు తెలుగు మాటలే. ఇంగ్లీషు వాక్యంలో వాడినప్పుడు మాత్రం ఆ తోక కత్తిరించాలి. ఆస్తమా కూడా ఇలాంటిదే. మనకు మూడక్షరాలు, ఇంగ్లీషులో 'ఆస్-మ' అని రెండే.

ఇక డిక్షనరీ చుక్కలు. వాటిని మీరు అపార్థం చేసుకున్నారు, ఆ తప్పు మీది కాదు, ఎవరూ చెప్పరు. మాట మధ్యలో పెట్టే చుక్కలు అచ్చువేసేవాళ్ల కోసం పుట్టాయి. పంక్తి చివర చోటు చాలకపోతే మాటను ఎక్కడ విరిచి అడ్డగీత పెట్టొచ్చో అవి చెబుతాయి. ఒకే ఒక్క లెటర్‌ను పంక్తి చివర ఒంటరిగా వదలకూడదని అచ్చువాళ్ల పద్ధతి. అందుకే అనీమియా అన్న మాటకు కొన్ని అమెరికన్ డిక్షనరీలు ఒకే చుక్క పెడతాయి. మొదటి మూడు లెటర్లు ఒక ముక్క, చివరి మూడు ఒక ముక్క. పలకడానికి మాత్రం అ-నీ-మి-అ అని నాలుగు అక్షరాలు. కాబట్టి మీరు చూడాల్సింది పక్కన ఏటవాలు గీతల మధ్యనో, బ్రాకెట్లోనో ఇచ్చిన ఉచ్చారణ. అందులో చిన్న నిలువు గీత ఒకటి పైన ఉంటుంది. దాని తర్వాత వచ్చే అక్షరం మీద స్ట్రెస్. అమెరికాలో అచ్చయ్యే ఒకటి రెండు డిక్షనరీలు ఆ గుర్తును అక్షరం తర్వాత పెడతాయి, మీ దగ్గరున్నది ఏ రకమో ముందు పేజీల్లో చూసుకోండి. కింద పెట్టిన నిలువు గీత ఉంటే అది రెండో తరగతి స్ట్రెస్. పొడుగు మాటల్లో ఇలాంటి చిన్న ఊపు ఒకటో రెండో ఉంటాయి.

స్ట్రెస్ అంటే చాలామంది గట్టిగా అరవడం అనుకుంటారు. అరిస్తే సరిపోదు. ఆ అక్షరం కాస్త ఎక్కువసేపు నిలవాలి, గొంతు కాస్త పైకి లేవాలి, అందులోని అచ్చు నిండుగా వినిపించాలి. దానికంటే ముఖ్యం, చుట్టుపక్కల అక్షరాలు తగ్గాలి. మనకు కష్టమల్లా ఈ తగ్గడం దగ్గరే. మనం ప్రతి అక్షరానికీ సమానంగా వడ్డిస్తాం, పంక్తి భోజనంలో లాగా. ఇంగ్లీషు ఒక అక్షరానికి నిండా పెట్టి, పక్కవాటికి విదిలిస్తుంది. బనానా అన్న మాటలో మధ్య 'నా' ఒక్కటే నిండుగా ఉంటుంది. మొదటి 'బ', చివరి 'న' సగం మింగిన అకారంతో వెళ్లిపోతాయి. ఈ సగం మింగిన అకారమే ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు. దానికి స్పెల్లింగ్‌లో సొంత లెటర్ లేదు, ఏ అచ్చు లెటర్ వెనకైనా దాక్కుంటుంది.

ఇది అంత పట్టించుకోవాల్సిన విషయమా అంటే, అవును. హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ మొదలైంది. ఇప్పుడు మనం ఇఫ్లూ అంటున్నది దాన్నే. అక్కడి ప్రొఫెసర్ ఆర్.కె. బన్సల్ మన ఇంగ్లీషు బయటివాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశోధించారు. అర్థం కాకపోవడానికి ఆయన చూపిన ముఖ్యమైన కారణాల్లో మాటలో స్ట్రెస్ తప్పుచోట పడటం ఒకటి. యాస ఉంటే ఉండనీయండి, అది మీ ఊరి ముద్ర. దాన్ని చెరిపేసి దొరల్లా మాట్లాడాలని ఎవరైనా కోర్సు అమ్మజూపితే డబ్బు దాచుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, రూల్ ఉందా అని. ఉంది. మీకు తెలిసిందే కూడా.

నేను కాలేజీలో చేరిన కొత్తలో ఒక ట్రైనింగుకు వెళ్లాను. డెమో పాఠం చెబుతూ 'కాంపొనెంట్' అన్నాను, మొదటి అక్షరం మీద బరువంతా వేసి. మనలో చాలామంది అలాగే అంటారు. ట్రైనరు ఆపి, మధ్యలో అక్షరం పొట్టిదా పొడుగుదా అని అడిగారు. తెల్లమొహం వేశాను. 'కం-పో-నెంట్. పో పొడుగు. చివరి నుంచి రెండో అక్షరం బరువుగా ఉంటే స్ట్రెస్ దాని మీదే. తేలికగా ఉంటే ఒక అక్షరం వెనక్కి వెళ్లాలి. ల్యాటిన్ భాష పద్ధతి ఇది, ఇంగ్లీషులోకి వచ్చేసింది' అన్నారు. బరువు, తేలిక అంటే ఏమిటని అడిగితే ఆయన చెప్పినవి వింటూ నాకు నవ్వు ఆగలేదు. దీర్ఘం ఉంటే బరువు. అచ్చు తర్వాత రెండు హల్లులు ఉంటే బరువు. పొట్టి అచ్చుండి, దాని తర్వాత ఒకే హల్లుంటే తేలిక. ఇవి మా తెలుగు మాస్టారు తొమ్మిదో తరగతిలో బెత్తం పట్టుకుని నేర్పినవే కదా! గురువు, లఘువు.

మీదీ తెలుగు మీడియమే కాబట్టి పద్యపాదం మీద గిన్నె గుర్తులూ నిలువు గీతలూ పెట్టి ఉంటారు. యమాతారాజభానస మర్చిపోయినా పర్వాలేదు, గణాలతో మనకు పనిలేదు. దీర్ఘాక్షరం గురువు. సున్నా ఉన్నది గురువు. పొల్లు హల్లుతో కూడినది గురువు. ఐ, ఔ గురువులు. జంట హల్లుకి గానీ ద్విత్వానికి గానీ ముందున్న అక్షరం గురువు. మిగతావి లఘువులు. మూడు, అంతకు మించి అక్షరాలున్న ఇంగ్లీషు నామవాచకాల్లో చివరి నుంచి రెండోది గురువైతే స్ట్రెస్ అక్కడ. లఘువైతే చివరి నుంచి మూడోదాని మీద, అది గురువైనా లఘువైనా సరే.

వరండా: చివరి నుంచి రెండోది 'రం', సున్నా ఉంది, గురువు, స్ట్రెస్ అక్కడే. ఎజెండా కూడా అంతే. కలెక్టర్ తీసుకోండి. 'లె' పొట్టిదే, కానీ వెనక 'క్ట' ఉంది, కనుక గురువు. కండక్టర్, ఇన్‌స్పెక్టర్ ఇదే దారి. సినిమాలో 'ని' లఘువు, కాబట్టి వెనక్కి వెళ్లి 'సి' మీద. కెమెరాలో 'మె' లఘువు, స్ట్రెస్ 'కె' మీద. అమెరికాలో 'రి' లఘువు, స్ట్రెస్ 'మె' మీద. వెనిల్లా, గొరిల్లా, అంబ్రెల్లా అన్నిటికీ స్పెల్లింగ్‌లో రెండు ఎల్‌లు ఉన్నాయి చూడండి. ద్విత్వానికి ముందున్నది గురువు!

కలెక్టర్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, విడగొట్టడం గురించి మీరడిగిన ఇంకో సందేహానికి జవాబు అక్కడుంది. తెలుగులో రాస్తే క-లె-క్ట-ర్ అని 'క్ట' ఒకచోట ఉంటుంది. ఇంగ్లీషు సిలబుల్స్‌గా విరిస్తే క-లెక్-టర్ అని క్ ముందుకు పోతుంది. రెండూ వేరువేరుగా కనిపిస్తాయి, కానీ మన ఛందస్సు 'క్ట' బరువును ముందున్న 'లె' మీదే వేస్తుంది. అంటే మన పెద్దలు చెవితో విన్నదీ, ఇంగ్లీషువాళ్లు విరిచేదీ ఒకటే. రాత మాత్రమే వేరు. రెండు హల్లులు కలిసి వస్తే మొదటిదాన్ని ముందు అక్షరానికి ఇచ్చేయడం చాలా మాటల్లో సరిపోతుంది.

ఈ ల్యాటిన్ పద్ధతి మామూలు ఇంగ్లీషు మాటల్లో ఎన్నోచోట్ల బెసుకుతుంది. మీ అదృష్టం ఏమిటంటే, వైద్యం మాటలు చాలావరకు గ్రీకు, ల్యాటిన్ ముక్కలతో కట్టినవి. అక్కడ ఇది చాలా బాగా పనిచేస్తుంది. మీ లిస్టుతోనే చూద్దాం.

హైపర్‌కొలెస్టెరొలీమియా: చివరి నుంచి రెండోది 'మి', లఘువు. వెనక్కి వెళ్తే 'లీ'. స్ట్రెస్ 'లీ' మీద. అనీమియాలో 'నీ' మీద, లుకీమియాలో 'కీ' మీద, హైపోగ్లైసీమియాలో 'సీ' మీద. అన్నీ ఒకే కుటుంబం, నడక ఒకటే. అనీమియా అనడం మీకు వచ్చు కదా? అయితే ఆ తొమ్మిదక్షరాల మాటలో సగం వచ్చేసినట్టే.

డయాబెటిస్ అని మనం పేపర్లలో రాసేది చెవికి మోసం. ఇంగ్లీషులో అది డై-అ-బీ-టీజ్, 'బీ' దీర్ఘం, గురువు, స్ట్రెస్ అక్కడే. ఇలాంటివాటికి తెలుగు రాత మీద ఆధారపడొద్దు. డిక్షనరీ ఉచ్చారణలో అచ్చు పక్కన కోలన్ లాంటి రెండు చుక్కలుంటే దీర్ఘం అని గుర్తు. పారాసిటమాల్ ఇంకొకటి. ఐదు అక్షరాలు, చివరి నుంచి రెండోది 'ట' లఘువు, మూడోది 'సీ', స్ట్రెస్ దాని మీద. న్యుమోనియాలో 'ని' లఘువు, స్ట్రెస్ 'మో' మీద. మొదటి పి పలకదని మీకు తెలుసు. ట్యుబర్‌క్యులోసిస్‌లో 'లో' గురువు. హెపటైటిస్, ఆర్థ్రైటిస్‌లలో 'ఐ' ఉన్న అక్షరం గురువు. యామ్లోడిపిన్‌లో 'డి' లఘువు, వెనక్కి 'లో'. ఇన్సులిన్‌లో 'సు' లఘువు, స్ట్రెస్ 'ఇన్' మీద. మెట్‌ఫార్మిన్‌లో 'ఫార్' గురువు. ఎమాక్సిసిల్లిన్‌లోనూ పెనిసిల్లిన్‌లోనూ రెండు ఎల్‌లకు ముందున్న 'సి'. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అంటే 'మై'. కార్డియాలజీ, ఫార్మకాలజీ, న్యూరోపతీ, థర్మామీటర్ అన్నిటికీ చివరి నుంచి రెండో అక్షరం లఘువే, మూడోదాని మీద స్ట్రెస్. చివరి మాటను మనం మీటర్ అని సాగదీస్తాం. ఇంగ్లీషులో అది థ-మా-మి-ట.

డిక్షనరీలో స్ట్రెస్ గుర్తు ఉండనే ఉంది కదా, మళ్లీ ఈ గురులఘువుల గొడవ ఎందుకు అనిపించొచ్చు. కొత్త మందు పేరు చాలా డిక్షనరీల్లో దొరకదు. డాక్టరు గారు ఎదురుగా ఉండగా ఫోను తీసి వెతకలేరు. -సిల్లిన్, -మైసిన్, -ఈమియా, -ఐటిస్, -ఓసిస్ అనే తోకలు ఎలా పలుకుతాయో ఒకసారి చెవికి పడితే, ముందు ఎంత పొడుగు మాట ఉన్నా స్ట్రెస్ ఎక్కడో కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఈ లెక్కకు లొంగనివి ఉన్నాయి. -ఇక్ తో ముగిసేవాటికి దాని ముందున్న అక్షరం మీదే స్ట్రెస్, అది లఘువైనా సరే. యాంటీబయాటిక్‌లో 'బ' తర్వాతి 'యా', సైంటిఫిక్‌లో 'టి'. ఇందులోనూ కొన్ని మొండివి: ఆర్సెనిక్, పాలిటిక్స్, అరబిక్ మాటలు మొదటి అక్షరం మీదే కూర్చుంటాయి. మీ ఎటార్వాస్టాటిన్, దాని అన్నదమ్ములందరూ 'స్టా' మీద. -షన్ మాటలకు దాని ముందు అక్షరం: ఇంజెక్షన్‌లో 'జెక్', ప్రిస్క్రిప్షన్‌లో 'స్క్రిప్', హైపర్‌టెన్షన్‌లో 'టెన్'. పైకి ఇది కొత్త రూల్‌లా ఉంటుంది గానీ పాతదే. కొన్ని వందల ఏళ్ల కిందట ఆ 'షన్'ను ఇంగ్లీషువాళ్లు 'సి-అన్' అని రెండక్షరాలుగా పలికేవారు. అలా లెక్కేస్తే మళ్లీ చివరి నుంచి మూడోదే వస్తుంది.

ఇంగ్లీషు మాటకు తోక తగిలించినప్పుడు కొన్ని తోకలు స్ట్రెస్‌ను లాక్కుంటాయి, కొన్ని ముట్టుకోవు. -మెంట్, -నెస్, -ఫుల్, -లెస్, -లీ మర్యాదస్థులు, ఉన్నదాన్ని కదిలించవు. డెవలప్‌లో స్ట్రెస్ 'వె' మీద, డెవలప్‌మెంట్‌లోనూ 'వె' మీదే. మనవాళ్లు మీటింగుల్లో 'డె' మీదో 'మెంట్' మీదో వేస్తుంటారు. ఇంజినీర్‌కి మాత్రం చివరి 'నీర్' మీద. హోటల్, పోలీస్ మాటలు ఫ్రెంచి నుంచి వచ్చాయి, రెంటికీ చివరి అక్షరమే. సిలిండర్, క్యాలెండర్, మినిస్టర్ అయితే మన లెక్కను పూర్తిగా కాదంటాయి. చివరి నుంచి రెండోది గురువే, స్ట్రెస్ మాత్రం మొదట్లో. అదే 'ర్' తోక ఉన్న సెప్టెంబర్, నవంబర్, డిసెంబర్ బుద్ధిగా లెక్క ప్రకారం నడుస్తాయి. ఎందుకలా అంటే చెప్పడానికి చాలా ఉంది, మీకు పనికొచ్చేది అందులో ఏమీ లేదు.

లేబొరేటరీ గురించి మీ మేనేజరుకీ మీకూ వాదన జరిగిందన్నారు. ఇద్దరూ కరెక్టే. బ్రిటన్‌లో రెండో అక్షరం మీద, 'ల-బా-ర-ట్రి'. అమెరికాలో మొదటి అక్షరం మీద, 'ల్యాబ్-ర-టో-రీ'. రెస్పిరేటరీ, క్యాపిలరీలకూ ఇదే పేచీ. ఒక పద్ధతి ఎంచుకుని దానికే కట్టుబడితే చాలు. ఒకే వాక్యంలో రెండూ వాడితేనే వినేవాళ్లకు తేడా కొడుతుంది.

సాధన చేసేటప్పుడు మాటను మొదటి నుంచి మొదలుపెట్టకండి. అందుకే మీరు సగంలో ఆగిపోతున్నారు. మొదట ఊపిరి బాగుంటుంది, అసలు బరువు పడే చోటికి వచ్చేసరికి అయిపోతుంది. తోక నుంచి కట్టుకుంటూ రండి. 'లీమియా' పదిసార్లు. అది తేలికయ్యాక 'రొలీమియా'. తర్వాత 'టెరొలీమియా'. తర్వాత 'లెస్టెరొలీమియా', ఇక్కడ 'లెస్' మీద చిన్న ఊపు. తర్వాత 'కొలెస్టెరొలీమియా'. చివర్లో 'హైపర్' తగిలించండి, 'హై' మీద ఇంకో చిన్న ఊపు. ఇలా చేస్తే ప్రతిసారీ మీరు కొత్త ముక్క నుంచి బాగా అలవాటైన ముక్కలోకి దిగుతారు, మాట పూర్తయ్యేకొద్దీ సులువవుతుంది. స్ట్రెస్ పడే 'లీ' దగ్గర టేబుల్ మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టండి, మిగతా చోట్ల కొట్టొద్దు. బండి మీద ఊళ్లు తిరుగుతారు కాబట్టి మీకు సాధనకు టైము కొదవలేదు, హెల్మెట్ లోపల ఎవరికీ వినపడదు కూడా.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, మందులతో పని కాబట్టి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ. 15కి స్ట్రెస్ చివరి 'టీన్' మీద, 50కి మొదటి 'ఫిఫ్' మీద. ఫోనులో ఈ రెంటినీ విడదీసేది ముఖ్యంగా స్ట్రెస్సే, చివరి న్ సరిగా వినపడదు. ఇందులో ఇంకో చిక్కుంది. వెనక ఇంకో మాట వచ్చినప్పుడు, అంటే ఫిఫ్టీన్ మిల్లీగ్రామ్స్ అన్నప్పుడు, ఇంగ్లీషువాళ్లే స్ట్రెస్‌ను ముందుకు జరిపి 'ఫిఫ్' మీద వేస్తారు. అప్పుడది 50 లాగే వినిపిస్తుంది. 13, 30కీ 16, 60కీ ఇదే గండం. కాబట్టి డోస్ చెప్పేటప్పుడు 'ఫిఫ్టీన్, వన్ ఫైవ్' అని అంకెలు విడిగా కూడా చెప్పేయండి. ఇక్కడ మీ ఉచ్చారణ ఎంత బాగున్నా సరే, అంకెలు చెప్పాల్సిందే.

మీ లిస్టులో ఆఖరి మాట మీ కంపెనీ కొత్త బ్రాండ్ పేరు. దానికి ఏ రూలూ వెతకొద్దు. లాంచ్ మీటింగులో స్టేజీ మీద మీ పెద్దవాళ్లు ఎక్కడ ఒత్తారో అక్కడే ఒత్తండి.